గాదె ముక్త ఆస్పత్రి

జూన్ ఏడో తేదీ శుక్రవారం ఉదయం పదీ నలభైకి తోటవానిపురం ఏరియా ఆస్పత్రి ఆవరణలో సూపరింటెండెంటు డాక్టర్ ఫణిభూషణరావు గునపంతో ఒక గాదెను పగలగొట్టారు. మూడు పోట్లు పట్టింది. మొదటిది తగల్లేదు. రెండోదానికి మట్టిపూత రాలింది. మూడోదానికి వెదురు విరిగి, ఎముకల శాఖకు చెందిన రెండు వందల పది కేసు షీట్లు నేలమీద పడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

పసుపు రాసిన గునపాన్ని పళ్లెంలో పెట్టి అందించింది హెడ్ నర్సు ఎస్తేరు రాణి. ఆమె చప్పట్లు కొట్టలేదు. పళ్లెం ఉంది గదా అని ఎవరూ పట్టించుకోలేదు. వరండాలో ఇంకా పదకొండు గాదెలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద ‘మధుమేహం’ అనీ, దానికి అవతల రెండోదాని మీద ‘శస్త్రచికిత్స’ అనీ తెల్లసున్నంతో రాసి ఉంది. వాటి పక్కన మెట్ల మీద అప్పలనరసమ్మ కుడికాలు చాచుకుని కూర్చుంది. ఆమె కాగితాలు ఆ రెండు గాదెల్లో ఉన్నాయి.

ఆస్పత్రిలోకి గాదెలు ఎలా వచ్చాయో చెప్పాలంటే ముందు ‘కాళ్ల సోమారం’ గురించి చెప్పాలి.

ఎస్తేరు ఆ ఆస్పత్రికి వచ్చి పంతొమ్మిదేళ్లయింది. షుగరు ఉండి కాలికి పుండు పడ్డ మనిషి అక్కడ సోమవారం షుగరు డాక్టరుకీ, బుధవారం సర్జనుకీ చూపించుకోవాలి. సోమవారం చీటీ బుధవారం దాకా ఉండదు. ఉన్నా సర్జను అడగరు, అడిగినా అక్షరాలు అర్థం కావు. ఒక ఏడాదిలో తొమ్మిది కాళ్లు పోయాయి. నాలుగేళ్ల కిందట ఎస్తేరు తొమ్మిదో నంబరు గదిలో ఒక బల్ల వేసి, ఇంటినుంచి కిరసనాయిలు స్టవ్వు తెచ్చి, సోమవారం ఎనిమిదిన్నరకి టీ పెట్టింది. షుగరు డాక్టరు హైమవతిగారితో సర్జనుగారు వస్తున్నారంది. సర్జను ముజీబ్ గారితో హైమవతిగారు వచ్చేశారంది. ఇద్దరూ టీ కోసం వచ్చి, కాళ్లు చూసి వెళ్లారు. ఒక పొడుగు నోటుబుక్కులో మనిషికో పేజీ. షుగరెంత, పుండెంత, ఎవరేమన్నారు, అన్నీ ఆ పేజీలోనే. దీనికి ఉత్తర్వు లేదు, పేరు కూడా రోగులు పెట్టిందే. నాలుగేళ్లలో ఆ బల్ల దగ్గరికి వచ్చినవాళ్లలో ఇద్దరికే కాలు తీయాల్సి వచ్చింది.

అప్పలనరసమ్మది నేతపని. ఫిబ్రవరిలో మగ్గం తొక్కుతుంటే కుడికాలి రెండో వేలికి చెక్కపేడు గుచ్చుకుంది. వచ్చినప్పుడు పుండు రూపాయి బిళ్లంత ఉంది. ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన, ఆఖరి కాళ్ల సోమారం నాడు, కందిగింజంత ఉంది.

“ఇంకో రెండు సోమవారాలు నరసమ్మప్పా, మూసుకుపోద్ది” అంది ఎస్తేరు.

“మూసుకుపోతే నీకో తువ్వాలు నేసి తెస్తాను సిస్టరమ్మా. మూసుకోకపోతే ఏటీ తేను.”

ఆ రెండు సోమవారాలూ రాలేదు.

ఏప్రిల్ నాలుగున రాజధాని నుంచి ‘సమీకృత వైద్య సేవా విధానం’ అనే ఉత్తర్వు వచ్చింది. రోగి ఒక్కడే గనక వైద్యం కూడా ఒక్కటిగా అందాలనీ, శాఖలన్నీ కలిసి పనిచేయాలనీ అందులో ఉంది. ఇంగ్లీషులో రాసిన దాన్ని అనువాద విభాగం తెలుగు చేసింది. నాలుగో పేరా ఇలా ఉంది: “ప్రతి ఆస్పత్రి యందును గల గాదెలను గుర్తించి, వాటిని సమూలముగ పగలగొట్టి, పగలగొట్టిన గాదెల సంఖ్యను ఛాయాచిత్రములతో సహా నివేదించవలెను.”

సీనియర్ అసిస్టెంటు గవరయ్య దాన్ని సిబ్బంది సమావేశంలో రెండుసార్లు చదివాడు.

“గాదెలేంటి?” అన్నారు ముజీబ్.

“ధాన్యం పోసుకునేవండి. మా తాతగారింట్లో ఉండేది” అన్నాడు గవరయ్య.

హైమవతి కాగితం తీసుకుని చూశారు. “ఇంగ్లీషులో సైలోలు అని ఉండుంటుంది సార్. ఏ శాఖ ఆ శాఖ తలుపేసుకుని, పక్కవాళ్లతో మాట లేకుండా ఉండటాన్ని అలా అంటారు. అది మానుకోమంటున్నారు, అంతే. మన సిస్టర్ సోమవారాలు చేస్తున్నది అదే.”

“ఉండుంటుంది అనే మాట మీద నివేదిక పంపలేం డాక్టర్ గారూ. ఉత్తర్వులో గాదె అని ఉంది. సిస్టర్ బల్ల గురించి ఉత్తర్వులో ఏమైనా ఉందా?” అన్నారు సూపరింటెండెంటు.

లేదు.

గవరయ్య, వాచ్‌మనూ కలిసి ఆస్పత్రంతా వెతికారు. శవాల గది వెనక కూడా చూశారు. “ఈ ఆస్పత్రి యందు గాదెలు లేవు” అని ఏప్రిల్ ఎనిమిదిన నివేదిక వెళ్లింది. పదిహేనున జవాబు వచ్చింది: “శూన్య నివేదిక ఆమోదయోగ్యము కాదు. పొరుగు జిల్లావారు ఇప్పటికే నలభై మూడు గాదెలను ఛేదించి యున్నారు. ఏరియా ఆస్పత్రికి పన్నెండు గాదెలు లక్ష్యముగ నిర్ణయించడమైనది. లక్ష్యము చేరని అధికారులపై చర్య గైకొనబడును.” ధాన్యం గరిసెలు కూడా లెక్కలోకి వస్తాయా అని గవరయ్య ఫోన్లో అడిగాడు. గరిసెలకు విడిగా ఉత్తర్వు వస్తుందన్నారు.

పగలగొట్టడానికి పన్నెండు గాదెలు కావాలి. జీపు వేసుకుని నాలుగు ఊళ్లు తిరిగారు. ధాన్యం కళ్లంలోనే లారీ ఎక్కుతున్న కాలంలో గాదె ఎవరింట ఉంటుంది? ఒక్కచోట దొరికింది గాని దాన్లో కోడి పొదుగుతోంది. యజమానురాలు గవరయ్యను చీపురు చూపించి పంపేసింది. చివరికి బుట్టలల్లే పోలయ్య ఇంటికి వెళ్లారు.

“పన్నెండా? ఏటి బాబూ, పంటలంత బాగున్నాయా మీ ఆస్పత్రిలో?” అన్నాడు పోలయ్య.

“పగలగొట్టడానికి.”

పోలయ్య వెదురు చీల్చడం ఆపాడు. “సేసిందాన్ని సేసినట్టే పగలగొట్టీస్తారా? అయితే సేసీసినట్టు, పగలగొట్టీసినట్టు రాసుకోండి. మీకూ నాకూ కూడా సులువు.”

“ఫొటో పెట్టాలి.”

“అయితే కూసింత వదులుగా అల్లుతాను. తొరగా ఇరుగుతాయి.”

“వద్దు. పటిష్ఠమైన గాదెలు అని ఉంది ఉత్తర్వులో.”

మే నాలుగున గాదెలు వచ్చాయి. నిలువెత్తు ఉన్నాయి. మట్టిపూత ఆరేదాకా ఎండా వానా తగలకూడదన్నాడు పోలయ్య. కింది అంతస్తులో పన్నెండూ పట్టే గది తొమ్మిదో నంబరు ఒక్కటే. బల్లా స్టవ్వూ వరండాలోకి వచ్చాయి. వరండాలో మంట పెట్టకూడదు గనక స్టవ్వు ఎస్తేరు ఇంటికి వెళ్లింది.

అంతటితో ఆగినా ఏదో ఒకటి చేసుకునేది. కాని గాదెల ‘పూర్వస్థితి ఛాయాచిత్రములు’ పంపితే పైనుంచి ఇంకో ప్రశ్న వచ్చింది: “సదరు గాదెలు ఖాళీగా నున్నట్లు గమనించడమైనది. ఖాళీ గాదెను పగలగొట్టుట వలన శాఖల మధ్య సమాచార ప్రవాహము ఏ విధముగ మెరుగుపడునో వివరించవలెను.”

సూపరింటెండెంటు ఆ ప్రశ్నను మెచ్చుకున్నారు. గాదెలో ఏదైనా ఉంటేనే పగలగొట్టినప్పుడు ప్రవహిస్తుంది. శాఖకొక గాదె కేటాయించారు. ఏ శాఖ కేసు షీట్లు ఆ శాఖ గాదెలో వేయాలి. తన గాదె పంటిశాఖ గాదె కంటే పొట్టిగా ఉందని కంటి డాక్టరు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. కాళ్ల సోమారం నోటుబుక్కులో రెండు శాఖల సంగతులు కలిసి ఉన్నందున అది ‘అనధికార రికార్డు’ అయింది. పేజీలు మధ్యకు కోసి, షుగరు అంకెలున్న సగం ఒక గాదెలోనూ పుండు కొలతలున్న సగం ఇంకో గాదెలోనూ వేశారు. పూర్వస్థితి ఫొటోకీ ఛేదన ఫొటోకీ మధ్య సరుకు మారకూడదు గనక మూతలు గుడ్డతో కట్టి, లక్క సీళ్లు వేశారు. సంతకాలు అయ్యాక గవరయ్య ఎస్తేరుకు ఒక కాగితం ఇచ్చాడు. ఆమెను గాదెల సమన్వయ అధికారిగా నియమించారు.

“అంటే నేనేం చెయ్యాలి?”

“ఎవరూ గాదె తెరవకుండా చూడాలమ్మా.”

మే పదమూడు సోమవారం అప్పలనరసమ్మ వచ్చింది. పుండు మళ్లీ రూపాయి బిళ్లంత అయింది. ఎస్తేరు ఆమెను ముజీబ్ దగ్గరికి తీసుకెళ్లింది.

“షుగరెంతుందో చూపించకుండా నేను కత్తి పెట్టలేను. కాగితమేది?”

“గాదెలో ఉంది సార్.”

“కొత్త చీటీ రాయించండి.”

కొత్త చీటీ రాయడానికి వీల్లేదు. ‘ఒక రోగి, ఒక చీటీ’ అన్నది అదే ఉత్తర్వులో రెండో పేరా. చీటీ ఉన్న మనిషికి రెండో చీటీ రాస్తే ఒక రోగి ఇద్దరవుతాడు. చీటీ చూడకుండా మందిస్తే అది ‘గాదె తరహా వైద్యము’, ఆరో పేరా కింద శిక్షార్హం. హైమవతి ఆ పేరా చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “నేను పుండు చూస్తే సర్జరీ గాదెలో వేలు పెట్టినట్టు. ఆయన షుగరు చూస్తే నా గాదెలో వేలు పెట్టినట్టు. మొన్నటిదాకా మాకీ గాదెలు లేవు సిస్టర్.”

ఎస్తేరు కట్టు మార్చింది. కట్టుకు చీటీ అక్కర్లేదు. మాత్రకు కావాలి.

“ఏటమ్మా ఇది?” అంది అప్పలనరసమ్మ. “నా కాలు నాకాడే ఉంది. డాట్టర్లు మీకాడే ఉన్నారు. మజ్జిలో ఆ గంప ఏటి?”

“పదిహేడున పగలగొడతారప్పా. అన్నీ బయటికొస్తాయి.”

“పగలగొట్టీదానికి ముహూర్తమా? మా మనవరాలి పెళ్లికి కూడా ఇంత సూడ్లేదు.”

పదిహేడున ప్రాంతీయ సంచాలకులవారు రావాలి. రాలేదు. ఆ రోజు ఇంకో జిల్లాలో ఇరవై గాదెల ఛేదన ఉంది. ఇరవై నాలుగుకి మార్చారు. ఆ రోజు ఆయనకు దంతవైద్యుడి దగ్గర పని పడింది. జూన్ ఏడుకి మార్చారు.

మే ఇరవై ఏడున వేలు ఉబ్బింది. ఆ మధ్యాహ్నం ఎస్తేరు సూపరింటెండెంటు గదికి వెళ్లింది.

“సార్, రెండే రెండు గాదెలు. సీలు విప్పి, ఆమె కాగితాలు తీసి, మళ్లీ సీలు వేద్దాం. నేనే వేస్తాను.”

“మీకు సమస్య అర్థం కావట్లేదు సిస్టర్. ఆమెకి వైద్యం ఎందుకు అందట్లేదు?”

“కాగితాలు గాదెలో ఉండబట్టి సార్.”

“చూశారా! శాఖలు గాదెల్లో ఉంటే రోగి ఎంత నష్టపోతాడో ఉత్తర్వులో సరిగ్గా ఇదే రాశారు. ఆ దురవస్థను అంతమొందించడానికే మనం గాదెలు పగలగొడుతున్నాం. ఇప్పుడు మీరు దొడ్డిదారిన సీలు విప్పితే ఆ సంస్కరణకి అర్థమేముంది?” ఆయన పెన్ను తీసి కాగితం మీద ఏదో రాసుకున్నారు. “ఈ ఉదాహరణ బాగుంది. ఏడో తేదీ ఉపన్యాసంలో చెబుతాను. ఆమె వయసెంత?”

“యాభై ఆరు.”

జూన్ మూడున వేలు నల్లబడింది. ప్రైవేటుకి వెళ్లమని వరండాలో పక్కన కూర్చున్నవాళ్లు చెప్పారు. “ఎళ్లడానికి నాకేటుంది? మగ్గం ఒకటుంది. అది అమ్మీసి కాలు తెచ్చుకుంటే ఆ కాలుతో ఏటి తొక్కేది?” అంది అప్పలనరసమ్మ.

ఏడున సంచాలకులవారు వచ్చారు. ‘గాదె ముక్త ఆస్పత్రి దిశగా’ అన్న బ్యానరు కింద కూర్చున్నారు. సూపరింటెండెంటు ఉపన్యాసంలో “యాభై ఆరేళ్ల ఒక పేద మహిళ” గురించి చెప్పారు. ఆ మహిళ అప్పుడు పది గజాల దూరంలో మెట్ల మీద ఉంది. ఎవరి గురించి చెబుతున్నారని పక్కావిడను అడిగింది. మొదటి గాదె పగిలాక సంచాలకులవారు ఫోను చూసుకుని, పోర్టల్లో ఒక ఆస్పత్రి పేరున రోజుకు ఒక ఛేదన మాత్రమే ఎక్కుతుందని చెప్పారు. మిగతావి దశలవారీగా, అక్షరక్రమంలో పగలగొట్టాలన్నారు. కారెక్కారు.

ఎస్తేరు పళ్లెం కిందపెట్టి వేళ్ల మీద లెక్కపెట్టింది. ఎముకలు అయింది. కంటి, కాన్పులు, చర్మం, చెవి, పంటి, పిల్లలు, మత్తు. మధుమేహం తొమ్మిదోది. మానసికం దాటాక శస్త్రచికిత్స. రేపు రెండో శనివారం, ఎల్లుండి ఆదివారం. మధుమేహం పద్దెనిమిదిన, శస్త్రచికిత్స ఇరవైన.

“ఇయ్యాళ కాదా?” అంది అప్పలనరసమ్మ.

“రేపు రా అప్పా. పొద్దున్నే రా.”

“రేపు సెలవు గదా?”

“ఆఫీసుకి సెలవు.”

జూన్ ఎనిమిది, రెండో శనివారం, ఉదయం ఎనిమిదింబావుకి ఎస్తేరు కట్లు కత్తిరించే కత్తెరతో రెండు గాదెల సీళ్లు కత్తిరించింది. మధుమేహం గాదెలో చెయ్యి పెడితే అందలేదు. స్టూలు వేసుకుని నడుం దాకా వంగింది. కాగితాల మధ్యనుంచి ఒక పందికొక్కు ఆమె భుజం మీదుగా దూకి పోయింది. ఆమె అరవలేదు. రెండు సగం పేజీలూ దొరికాక ప్లాస్టరుతో అతికించి, వరండాలో బల్ల వేసి, ఇద్దరు డాక్టర్లకూ ఫోన్ చేసింది. టీ సంగతి చెప్పలేదు. ఇద్దరూ వచ్చారు.

హైమవతి అంకెలు చదివారు. ముజీబ్ కట్టు విప్పి, పాదం పైన వేళ్లతో నొక్కుతూ మడమ దాకా వెళ్లి ఆగారు.

“ఏప్రిల్లో అయితే కట్టుతో పోయేది” అన్నారు. “మేలో అయితే వేలుతో పోయేది.”

“ఇప్పుడేటి పోద్ది బాబూ?” అంది అప్పలనరసమ్మ.

ముజీబ్ ఎస్తేరు వైపు చూశారు.

“నాకేసి సూసి సెప్పు. కాలు నాది.”

“సగం పాదం తియ్యాలమ్మా. ఆలస్యం చేస్తే మోకాలిదాకా వస్తుంది.”

అప్పలనరసమ్మ పాదం వైపు చూసుకుంది. “మగ్గానికి రెండు కాళ్లు కావాలి” అంది. తర్వాత, “తీసీండి” అంది.

సోమవారం ఎస్తేరుకు మెమో వచ్చింది. గాదెలను ఛేదన తేదీకి ముందు, అక్షరక్రమాన్ని ఉల్లంఘించి, ఛాయాచిత్రం లేకుండా, కత్తెరతో తెరిచినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆమె రెండు వాక్యాలు రాసి ఇచ్చింది: “రోగి పాదం నల్లబడింది. కత్తెర నా జేబులో ఉంది.” రెండో వాక్యం ఏ నియమం కిందికి వస్తుందో తేలక గవరయ్య ఫైలును పైకి పంపాడు. తెరిచిన రెండు గాదెలు ఛేదనకు పనికిరానివిగా తేల్చారు. వాటి స్థానంలో కొత్తవి రెండు అల్లమని పోలయ్యకు కబురు వెళ్లింది.

“ఈసారి తలుపు పెట్టి సెయ్యమంటారేటి?” అని పోలయ్య అడిగించాడు.

జూన్ పన్నెండు బుధవారం ఉదయం పదకొండూ ఇరవైకి ఆపరేషను మొదలైంది. ఒంటిగంటకు ముందే అయిపోయింది. కుడిపాదంలో ముందు సగం తీసేశారు. మోకాలు నిలిచింది. ఆపరేషను కాగితం కింద సర్జనూ, షుగరు డాక్టరూ, మత్తు డాక్టరూ సంతకాలు చేశారు. అప్పటికి కంటి, కాన్పుల, చర్మం గాదెలు పగిలాయి. చర్మం గాదె పగిలిన చప్పుడు ఆపరేషను గదిలోకి వినిపించింది.

ఎస్తేరును పదిహేడున అరవై కిలోమీటర్ల అవతలి ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. వెళ్లేముందు పద్నాలుగో నంబరు మంచం దగ్గరికి వచ్చి కట్టు మార్చింది.

“అక్కడ కూడా గంపలున్నాయా?” అంది అప్పలనరసమ్మ.

“చిన్న ఆస్పత్రప్పా. వాళ్లకి లక్ష్యం మూడే.”

“మూడైనా మూడే గదా. జాగర్త.”

జూలై రెండున ఆస్పత్రినుంచి జూన్ నెల నివేదిక వెళ్లింది. పగలగొట్టిన గాదెలు పన్నెండు, లక్ష్యసాధన నూటికి నూరు అని అందులో ఉంది. ‘మూడు లేక అంతకు మించిన శాఖలు ఒకే కాగితముపై సంతకము చేసి సమీకృత సేవ అందించిన రోగుల సంఖ్య’ అన్న గడిలో ఒకటి అని ఉంది. దాని పక్కన, రోగి పేరు అన్న చోట, అప్పలనరసమ్మ అని రాశారు.